డబ్బు అందింది సరే, అకామా ఉందా?

ఈ నెల మీతో మాట్లాడే విషయం ఒక చిన్న చీటీతో మొదలైంది.

2024వ సంవత్సరం మట్టల ఆదివారం. ఆరాధన ముగిసింది. పిల్లలు మట్టలు పట్టుకుని గుడి ఆవరణలో తిరుగుతున్నారు. ఒక సహోదరి ప్రార్థన మనవుల పెట్టె దగ్గర చాలాసేపు నిలబడి, చివరకు చీటీ అందులో వేయకుండా తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఒకే మాట ఉంది. "కువైట్‌లో ఉన్న మా ఆయనకు కాగితాలు రావాలని ప్రార్థన చేయండి."

"ఏం కాగితాలమ్మా? ఆయన వెళ్ళి ఆరేళ్ళయింది కదా?" అని అడిగాను.

ఆమె చుట్టూ చూసింది. "బయటకొచ్చేశారండి అమ్మగారూ. రెండేళ్ళవుతోందండి. మా అత్తగారికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదండి. పెట్టెలో వేస్తే అందరి ముందూ చదివేస్తారని మీకిచ్చానండి."

కోనసీమలో, పశ్చిమ గోదావరిలో, కడప జిల్లా పల్లెల్లో "బయటకొచ్చేశారు" అంటే ఏమిటో వివరించనక్కరలేదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు కుటుంబాలకూ తెలుసు. వాళ్ళు "ఖల్లివల్లి అయ్యిండు" అంటారు. అరబ్బీలో ఆ మాటకు "పోనీలే, వదిలెయ్" అని అర్థం. మనవాళ్ళ నోట అది యజమానిని వదిలి, కాగితం లేకుండా పనిచేసుకుంటున్న మనిషికి పేరైపోయింది. వదిలెయ్యడం ఒక్క రాత్రి పని. ఆ తరువాత కష్టం ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఆ సహోదరి చెప్పిన సంగతి ఆమె అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. ఊరు, పేరు మాత్రం రాయను.

భర్త 2018లో ఇంటి డ్రైవరుగా వెళ్ళాడు. ఏజెంటుకు కట్టడానికి లక్షన్నర అప్పు చేశారు. వడ్డీ నూటికి మూడు రూపాయలు. అంటే నెలకు నాలుగు వేల ఐదు వందలు, ఏడాదికి యాభై నాలుగు వేలు వడ్డీకే పోవాలి. జీతం నూట ఇరవై దినార్లని ఇక్కడ చెప్పారు, అక్కడ చేతికిచ్చింది ఎనభై. దిగిన రోజునే యజమాని పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టుకున్నాడు. నాలుగేళ్ళు అలాగే లాగాడు. తరువాత జీతం నెలనెలా రావడం మానేసింది. మూడు నెలలు బాకీ పడ్డప్పుడు పక్క ఊరివాడొకడు ఫోన్ చేసి, "బయటకు రా బావా, కట్టడాల దగ్గర పని ఉంది, రెండు వందల దినార్లు తెచ్చుకోవచ్చు" అన్నాడు. ఒక శుక్రవారం రాత్రి చిన్న సంచితో బయటపడ్డాడు. యజమాని పరారీ కేసు పెట్టాడు. అకామా రద్దయింది.

మొదటి సంవత్సరం నిజంగానే డబ్బు ఎక్కువ పంపాడు. ఇంటికి స్లాబు పడింది. ఊరివాళ్ళు మెచ్చుకున్నారు. స్లాబు వేసిన రోజున సంఘంలో కృతజ్ఞతార్పణ కూడా ఇచ్చారు. రెండో సంవత్సరం మేస్త్రీ నాలుగు నెలల కూలి ఎగ్గొట్టాడు. అడిగితే, "పోలీసులకు చెప్పుకో" అని నవ్వాడు. ఎవరికి చెప్పుకుంటాడు? పోలీసు కనిపిస్తే సందులోకి తప్పుకోవలసిన మనిషి ఆయన.

కాగితం ఎలా పోతుంది?

గల్ఫ్ దేశాల్లో మనవాడి పాస్‌పోర్టు మన ప్రభుత్వం ఇచ్చింది. కానీ అక్కడ ఉండే హక్కు, అంటే అకామా, పనిలో పెట్టుకున్న యజమానికి ముడిపడి ఉంటుంది. ఆ యజమానినే కఫీల్ అంటారు. ఎవరి పేరుమీద వీసా వచ్చిందో వారి దగ్గరే పనిచేయాలి. ఆ ముడి తెగితే, చేతిలో పని ఉన్నా, ఒంట్లో సత్తువ ఉన్నా, ఆ దేశం లెక్కలో ఆ మనిషి ఉండకూడని మనిషి.

ముడి తెగడానికి దారులు చాలా ఉన్నాయి. ముఖ్యంగా నాలుగు చెబుతాను.

మొదటిది, విజిట్ వీసా. ఇది చూడడానికి, చుట్టాలను కలవడానికి ఇచ్చేది. దానిమీద పనిచేయకూడదు. "ముందు విజిట్ మీద వెళ్ళు, అక్కడికెళ్ళాక మార్పిస్తాను" అని ఏజెంటు చెప్పే మాట నమ్మి వెళ్ళినవారు, గడువు దాటిన మరునాటి నుండే జరిమానాలో పడతారు. దుబాయ్, అబుదాబీ ఉన్న ఎమిరేట్స్ దేశంలో గడువు దాటిన ప్రతి రోజుకూ 50 దిర్హాములు. ఒక్క ఏడాది ఉంటే 18,250 దిర్హాములు. కూలి చేసుకునేవాడు ఆ మొత్తం ఎక్కడ తెస్తాడు?

రెండోది, యజమానిని వదిలి రావడం. పైన చెప్పిన సహోదరుడి సంగతి ఇదే. కువైట్‌లో పరారీ కేసంటారు, సౌదీలో హురూబ్ అంటారు. జీతమివ్వని యజమాని కూడా ఈ కేసు పెట్టగలడు. జీతం అడిగినందుకే పెట్టేవాళ్ళూ ఉన్నారు.

మూడోది, ఆజాద్ వీసా. ఫ్రీ వీసా అని కూడా అంటారు. "ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చు" అని చెప్పి ఎక్కువ డబ్బుకు అమ్ముతారు. అలాంటి వీసా ఏ గల్ఫ్ చట్టంలోనూ లేదు. ఎవరో ఒక కఫీల్ పేరుమీద వీసా తీసి, ఏటేటా అతనికి డబ్బు కట్టి, బయట పనిచేసుకోమంటారు. చేతిలో అకామా ఉంటుంది, కానీ చేసే పని ఆ అకామా ప్రకారం తప్పు. తనిఖీలో దొరికితే కాగితం ఉన్నా లేనట్టే.

నాలుగోది, మనవాడి తప్పు ఏమీ లేకుండానే జరిగేది. కంపెనీ మూతపడుతుంది. లేదా యజమాని అకామా పొడిగించడు. "రేపు చేయిస్తా, ఎల్లుండి చేయిస్తా" అంటుండగానే గడువు దాటిపోతుంది. చాలామందికి తమ కాగితం చచ్చిపోయిందన్న సంగతి ఆసుపత్రికి వెళ్ళినప్పుడో, డబ్బు పంపబోయినప్పుడో తెలుస్తుంది.

ఈ నాలుగూ ఎందుకు చెప్పానంటే, కాగితం లేనివాడు అనగానే దొంగ అనుకునే అలవాటు మన ఊళ్ళలో ఉంది. 1975లోనే ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఇలాంటివారిని పత్రాలు లేని కార్మికులు అని పిలవాలని కోరింది. పత్రం లేకపోవడం ఒక స్థితి. అందులో కొంత మనవాడి తొందరపాటు ఉండవచ్చు, కొంత ఏజెంటు మోసం, కొంత యజమాని అన్యాయం ఉండవచ్చు. ఎవరి వంతు ఎంతో తేల్చకుండా ముద్ర వేయవద్దు. ఆ ముద్రకు భయపడే ఆ సహోదరి తన చీటీని పెట్టెలో వేయలేకపోయింది.

కాగితం లేకపోతే ఏమవుతుంది?

కువైట్‌లో ఇళ్ళలో పనిచేసేవారి కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవివ్వాలి. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవివ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఇవన్నీ ఆ చట్టంలో ఉన్నాయి. అకామా ఉండగా ఫిర్యాదు చేస్తే వినే అధికారులున్నారు. ఇల్లు వదిలి పరారీ కేసు పడిన తరువాత ఆ చట్టాన్ని వాడుకోవడం కష్టం. మనకు రావలసిన జీతం గురించి అడగబోతే, ముందు మన కేసు గురించి అడుగుతారు.

అందుకే బయట ఎక్కువ కూలి దొరికినా అది గాలిలో దీపమే. ఎగ్గొట్టినా అడగలేం. సివిల్ ఐడీ, మనవాళ్ళ మాటలో బతాకా, లేదు గనుక సొంత పేరుమీద డబ్బు పంపలేం. ఇంకొకరి బతాకా మీద పంపాలి, వారు నమ్మకస్థులు కావాలి. గది సొంత పేరుమీద అద్దెకు రాదు. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్ళడానికి భయం. మన సహోదరుడికి కిడ్నీలో రాయి వచ్చి రాత్రంతా మెలికలు తిరిగితే, గదిలోవాళ్ళు దుకాణంలో నొప్పి బిళ్ళలు కొని తెచ్చి మింగించారట. ఆసుపత్రిలో బతాకా అడుగుతారని వెళ్ళలేదు.

ఇక్కడ తల్లి చనిపోయినా రాలేరు. ఇది అన్నిటికంటే పెద్ద శిక్ష. వీడియో కాల్‌లో తల్లి పెట్టె సమాధిలోకి దించుతుంటే చూసిన కొడుకులు మన సంఘాల్లో ఉన్నారు. రావడానికి డబ్బు లేక కాదు. దొరికిపోతే వేలిముద్రలు తీసుకుని పంపేస్తారు, మళ్ళీ ఆ దేశంలో అడుగుపెట్టనివ్వరు అన్న భయం ఒకటి, జరిమానా ఎలా కట్టాలన్న భయం ఇంకొకటి.

తలుపు తెరిచిన దినాలు

ఈ కష్టానికి అప్పుడప్పుడు ఒక తలుపు తెరుచుకుంటుంది. దాన్నే ఆమ్నెస్టీ అంటారు, మన పత్రికలు క్షమాభిక్ష అని రాస్తాయి. గడువు దాటి ఉన్నవారు జరిమానా లేకుండా, జైలు లేకుండా తిరిగి వెళ్ళిపోవడానికి ఆ దేశమే కొన్ని వారాలు, నెలలు అవకాశమిస్తుంది.

ఎమిరేట్స్‌లో 1996, 2003, 2007 సంవత్సరాల్లో ఇచ్చారు. 2018లో ఆగస్టు నుండి డిసెంబరు ఆఖరు వరకు, 2024లో సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 వరకు ఇచ్చారు. సౌదీలో 2013లో ఇచ్చిన గడువు నవంబరు 3న ముగిసింది. 2017లో మళ్ళీ ఇచ్చారు. కువైట్‌లో 2018 జనవరి 29న మొదలై ఏప్రిల్ 22 వరకు సాగింది. 2020 ఏప్రిల్‌లో కరోనా దినాల్లో మళ్ళీ ఇచ్చారు. తరువాత 2024 మార్చి 17 నుండి జూన్ 30 వరకు ఇచ్చారు.

ఈ తేదీలు ఒకసారి మళ్ళీ చదవండి. కువైట్‌లో 2020 తరువాత నాలుగేళ్ళకు గాని మరో అవకాశం రాలేదు. ఎప్పుడు వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. వచ్చినప్పుడు పట్టుకోవాలి. 2018లోనూ 2024లోనూ కువైట్ నుండి అలా వచ్చినవారిపై వేరే కేసులు లేకపోతే, సరైన వీసా మీద మళ్ళీ వెళ్ళే వీలు కూడా ఉంచారు. అప్పు కేసులు, నేరం కేసులు ఉన్నవారికి మాత్రం ముందు ఆ కేసు తేలాలి.

మరి ఇంత మంచి అవకాశం వచ్చినప్పుడు కూడా చాలామంది ఎందుకు రారు?

ఇక్కడే మన ఇళ్ళ సంగతి మాట్లాడుకోవాలి. నేను ఆ సహోదరిని అడిగాను. "అమ్మా, ఈ నెల 17 నుండి కువైట్‌లో క్షమాభిక్ష ఇస్తున్నారు. ఆయనకు తెలుసా?"

"తెలుసండి. ఫోన్‌లో చెప్పారండి. వచ్చేయమంటావా అని అడిగారండి."

"నువ్వేమన్నావు?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఇంకొక్క సంవత్సరం ఉండమన్నానండి. స్లాబు వేశాం గాని గోడలకు సిమెంటు కాలేదండి. పెద్దమ్మాయి ఇంటర్ అయ్యాక నర్సింగులో చేర్చాలండి. అప్పు ఇంకా అరవై వేలుందండి. ఉట్టి చేతులతో వస్తే ఊళ్ళో ఏమంటారండి?"

నాకు కోపం రాలేదు. ఆమె లెక్కలో తప్పు లేదు. మూడు రూపాయల వడ్డీ నిద్రపోనివ్వదు. కానీ ఆ లెక్కలో ఒక అంకె రాయడం మరిచిపోయింది. అదేమిటంటే ఆ మనిషి.

"నెలకు ఎంత పంపుతున్నాడమ్మా ఇప్పుడు?" అని అడిగాను. నాలుగు నెలలుగా ఏమీ రాలేదని చెప్పింది. అంటే ఆయన ఉండడం వల్ల వస్తుందనుకుంటున్న డబ్బు రావడం లేదు. రాత్రి నిద్ర లేదు, జబ్బుకు మందు లేదు. ఇంకో సంవత్సరం ఉండమన్నది దేనికోసం? ఊరివాళ్ళ మాట కోసం.

తల్లులారా, తండ్రులారా, అక్కలారా, మనం గల్ఫ్‌లో ఉన్నవాడికి ఫోన్ చేస్తే మొదట ఏమడుగుతాం? "డబ్బు వేశావా?" డబ్బు అందాక, "అందింది" అని పెట్టేస్తాం. "అకామా ఉందా నాన్నా? ఎప్పటివరకు ఉంది? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది?" అని అడిగిన ఇల్లు ఎన్ని ఉన్నాయి? మనం అడగకపోతే వాడు చెప్పడు. ఇంట్లోవాళ్ళు దిగులు పడతారని దాస్తాడు. దాచిన ఏళ్ళు గడిచేకొద్దీ జరిమానా పెరుగుతుంది, భయం పెరుగుతుంది, తలుపు తెరిచిన దినాలు దాటిపోతాయి.

వెళ్ళకముందే చూసుకోవలసినవి

ఇంకా ఊరు దాటనివారి కోసం కొన్ని మాటలు. ఇవి ఇంట్లో చదువుకున్న పిల్లల చేత బిగ్గరగా చదివించుకోండి.

పదో తరగతి పాసవనివారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. వారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వం నుండి వలస అనుమతి తీసుకోవాలి. 1983లో వచ్చిన వలస చట్టం ఈ ఏర్పాటు చేసింది. హైదరాబాదులో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కార్యాలయం ఉంది. ఈ అనుమతిని అడ్డంకి అనుకోవద్దు. అది మనవాడి పేరు, పని, జీతం, యజమాని ఎవరో మన ప్రభుత్వం పుస్తకంలో రాయించుకోవడం. విజిట్ వీసా మీద పంపే ఏజెంటు ఆ పుస్తకంలో పేరు పడకుండా చేస్తున్నాడన్నమాట.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీలు ఇంటిపనికి ఆ దేశాలకు వెళ్ళాలంటే ముప్ఫై ఏళ్ళు నిండి ఉండాలి. "ఇరవై ఐదేళ్ళమ్మాయిని కూడా పంపిస్తాం" అని ఎవరైనా అంటే, అది దొడ్డిదారే. ఆ దారిన వెళ్ళిన బిడ్డకు కష్టం వస్తే పైకి చెప్పుకునే వీలు మొదటి రోజునే పోతుంది.

ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చు. దగ్గర్లోని నెట్ సెంటర్‌లో పది నిమిషాల పని. లైసెన్సున్న ఏజెంటు తన సేవకు ముప్ఫై వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. లక్షన్నర అడిగేవాడు ఎవరికోసం అడుగుతున్నాడో ఆలోచించండి. డబ్బు ఇచ్చిన ప్రతిసారీ రశీదు తీసుకోండి.

వలస అనుమతితో వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన అనే బీమా తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షలు వస్తాయి. దొడ్డిదారిన వెళ్ళినవారికి ఈ బీమా ఉండదు.

బయలుదేరేముందు పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్ళు రెండు జతలు తీయించి ఒక జత ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంచండి. కఫీల్ పేరు, ఫోన్ నంబరు, ఉండే చోటు ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఆపద వచ్చినప్పుడు ఇంట్లో ఈ నకలు ఒక్కటి ఉంటే సగం పని తేలిక.

ఇప్పటికే కాగితం పోయి ఉంటే

ముందు ఇంట్లోవాళ్ళు ధైర్యం తెచ్చుకోవాలి. దాచడం మానాలి. మనవాళ్ళు అక్కడ ఏ స్థితిలో ఉన్నా భారత రాయబార కార్యాలయానికి వెళ్ళవచ్చు. వారు భారత పౌరులు. అకామా పోయినంత మాత్రాన ఆ పౌరసత్వం పోదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయినా, పోయినా, రాయబార కార్యాలయం ఒక్క ప్రయాణానికి సరిపడే అత్యవసర పత్రం ఇస్తుంది. మనవాళ్ళు దాన్నే ఔట్‌పాస్ అంటారు. దానికి మనిషి గుర్తింపు రుజువు కావాలి. ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంచిన నకలు అప్పుడే పనికొస్తుంది.

2009లో మన ప్రభుత్వం ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఏర్పాటు చేసింది. నిజంగా దిక్కులేని స్థితిలో ఉన్నవారికి టికెట్టుకు, మృతదేహం ఇంటికి చేర్చడానికి రాయబార కార్యాలయం దానిలోనుండి సాయం చేయగలదు. 2015 నుండి మదద్ అనే వెబ్‌సైటులో ఇక్కడినుండే కుటుంబ సభ్యులు ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఫిర్యాదుకు ఒక నంబరిస్తారు, ఎక్కడివరకు వచ్చిందో దానితో చూసుకోవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి. విదేశాల్లో ఉద్యోగాలు చూపడం టామ్‌కామ్ పని, విదేశాల్లో ఉన్న మనవారి సంగతులు చూడడం ఏపీఎన్‌ఆర్‌టీ పని.

అకామా ఇంకా ఉండి, యజమాని దగ్గర కష్టపడుతున్నవారు ఒక మాట వినండి. బయటకు దూకేముందు చట్టం ఇచ్చిన దారి ఏదైనా ఉందేమో చూడండి. ఖతర్‌లో 2020 నుండి పాత యజమాని అనుమతి పత్రం లేకుండా ఉద్యోగం మారే వీలు కలిగింది. సౌదీలో 2021లో వచ్చిన మార్పు ప్రకారం కంపెనీల్లో పనిచేసేవారు కొన్ని షరతులపై మారవచ్చు. ఇళ్ళలో పనిచేసేవారికి ఆ మార్పు వర్తించలేదు. కువైట్‌లో 2024 జూలై 14 నుండి సెప్టెంబరు 12 వరకు రెండు నెలలపాటు ఇంటిపని వీసా నుండి కంపెనీ వీసాకు మారనిచ్చారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడు గదిలోవాళ్ళ మాట మీద ఆధారపడక, రాయబార కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. ఒక్క రాత్రి కోపంలో చేసిన పనికి ఏళ్ళ తరబడి వెల కట్టవలసి వస్తుంది. ఒంటిమీద చెయ్యి పడుతున్నా, ప్రాణానికి భయమున్నా అది వేరు సంగతి. అప్పుడు ఒక్క గంట కూడా ఆగవద్దు. బయటపడి ఎవరి గదికో వెళ్ళకుండా, నేరుగా రాయబార కార్యాలయానికే చేరుకోవాలి.

మన సంఘాల సంగతి

ఒక మాట మనలను మనమే ప్రశ్నించుకోవాలి. గల్ఫ్ నుండి కానుక వస్తే సంఘంలో పేరు పెట్టి చదువుతాం. గుడికి ఫ్యానులు, మైకు సెట్టు అక్కడినుండి వచ్చిన డబ్బుతో కొన్నవి ఎన్నో ఉన్నాయి. ఇచ్చినవారిని దేవుడు ఆశీర్వదించును గాక. కానీ డబ్బు పంపేవాడి పేరు చదివినట్టు, పంపలేకపోతున్నవాడి పేరు ఎప్పుడైనా తలచుకున్నామా? వీసా వచ్చిందన్న సాక్ష్యానికి చప్పట్లు కొట్టాం. వీసా పోయిందన్న మాట చెప్పుకోవడానికి మన మధ్య చోటుందా?

లూకా సువార్త పదిహేనో అధ్యాయంలోని ఇంటికి తిరిగివచ్చిన కొడుకు కథ మనందరికీ కంఠోపాఠమే. ఆ తండ్రి దారి వైపు చూస్తూ ఉన్నాడు. వచ్చినవాడి చేతిలో ఏముందో చూడలేదు. గల్ఫ్ నుండి ఉట్టి చేతులతో వచ్చే మన బిడ్డలు ఆస్తి తగలేసి వస్తున్నవారు కూడా కాదు. ఎండలో ఇటుకలు మోసి, ఎగ్గొట్టిన కూలిని అక్కడే వదిలి వస్తున్నవారు. వారి కోసం ఆ తండ్రికంటే తక్కువ ఎదురుచూడడం మనకు తగునా?

స్త్రీల సమాజాలు ఒక పని చేయవచ్చు. మీ ఊరినుండి గల్ఫ్‌లో ఉన్నవారి జాబితా రాసి, ప్రతి ఇంట్లో నకళ్ళు ఉన్నాయో లేదో, అకామా గడువు ఎప్పుడో అడగండి. క్షమాభిక్ష వార్త వచ్చిన రోజే ప్రతి ఇంటికీ చెప్పండి. ఇది ప్రార్థనకు బదులు కాదు, ప్రార్థనతోపాటు చేయవలసిన పని.

ఆ సహోదరి సంగతి చెప్పి ముగిస్తాను. ఈస్టరు తరువాత ఆమె, అత్తగారు కలిసి కూర్చుని కుమారుడికి ఫోన్ చేశారు. మాట్లాడింది అత్తగారే. "నాయనా, సిమెంటు లేని గోడల మధ్య మేం ఉండగలం. నువ్వు వచ్చెయ్," అన్నదట. ఇంట్లో ఉన్న పాస్‌పోర్టు నకలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. ఆయన రాయబార కార్యాలయంలో వరుసలో నిలబడి ఔట్‌పాస్ తీసుకున్నాడు. టికెట్టుకు గదిలోవాళ్ళు చందా వేశారు. 2024 జూన్‌లో, గడువు ఇంకా కొన్ని రోజులుండగా ఇంటికి చేరాడు. ఒక సంచి, పిల్లలకు రెండు చాక్లెట్ డబ్బాలు, అంతే.

అప్పు ఇంకా తీరలేదు. గోడలకు సిమెంటు కాలేదు. ఆయన ఇప్పుడు ఊళ్ళో కొబ్బరి లారీ నడుపుతున్నాడు. కువైట్ జీతం ఇక్కడ రాదు, ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మొన్న ఒక ఆదివారం ఆయన ఆరాధన తరువాత నా దగ్గరకు వచ్చి, "అమ్మగారండి, ఆస్పత్రికెళ్ళి రాయి తీయించుకున్నానండి. పేరడిగితే నా పేరే చెప్పానండి," అన్నాడు. ఆ మాటకు మేమిద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం.

ఈ రాత్రి గల్ఫ్‌లో ఉన్న మీ వాడికి ఫోన్ చేయండి. డబ్బు సంగతి తరువాత అడగవచ్చు. ముందు, "అకామా ఉందా నాన్నా?" అని అడగండి. లేదంటే తిట్టవద్దు. వచ్చే దారి ఇద్దరూ కలిసి వెతకండి.